పోయిన సామాను ఎవరి చేతిలో ఉంది?



విమాన ప్రయాణం ఒకప్పుడు మనకు అపురూపం. ఇప్పుడు జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేవాళ్లున్నారు. కడప నుంచీ కోనసీమ నుంచీ కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసి కుటుంబాన్ని నిలబెట్టే ఆడవాళ్లున్నారు. కూతురి పురిటికి అమెరికా బయలుదేరే అమ్మమ్మలున్నారు. పెద్ద చదువులకు వెళ్లే పిల్లలున్నారు. ఇంతమంది ప్రయాణాల్లో రోజూ ఏదో ఒకటి చేయి జారుతూనే ఉంటుంది. ఒకరిది ఫోను, ఒకరిది కళ్లజోడు, ఒకరిది మందుల సంచి, మరొకరిది రెండేళ్ల కష్టంతో కొన్న వస్తువులన్నీ సర్దుకున్న పెద్ద బ్యాగు. అలా పోయిన సామానును తిరిగి రాబట్టుకోవడం ఎలాగో ఈ రోజు వివరంగా మాట్లాడుకుందాం.

సామాను కనబడకపోతే మనవాళ్లలో చాలామంది కాసేపు వెతికి, ఎదురుపడ్డ ఒకరిద్దరిని అడిగి, "మన ప్రాప్తం ఇంతే" అనుకుని ఇంటికి వచ్చేస్తారు. అలా వచ్చేయడం వల్లే చాలా వస్తువులు నిజంగా పోతాయి. సంతలోనో జాతరలోనో పోయిన వస్తువు ఎవరి జేబులోకి వెళ్లిందో చెప్పలేం. విమానాశ్రయం సంగతి వేరు. టికెట్టూ గుర్తింపు కార్డూ చూపించందే ప్రయాణికుణ్ణి లోపలికి రానివ్వరు. లోపల పనిచేసే ప్రతి మనిషికీ అనుమతి కార్డు ఉంటుంది. అడుగడుగునా కెమెరాలుంటాయి. యజమాని లేకుండా ఒక సంచి కనబడితే చాలు, భద్రతా సిబ్బంది వెంటనే దాని దగ్గరికి వస్తారు. కాబట్టి అక్కడ మనం మరిచిన వస్తువు చాలావరకు డ్యూటీలో ఉన్న ఎవరో ఒకరి చేతికే చేరుతుంది. ఆ చేయి ఎవరిదో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

ఆ చేతులు ముఖ్యంగా మూడు. ఒకటి విమానాశ్రయాన్ని నడిపే సంస్థ, రెండోది భద్రతా బలగం, మూడోది మనం టికెట్టు కొన్న విమాన సంస్థ. బయటి నుంచి చూస్తే అంతా ఒకే భవనం, ఒకే వ్యవస్థ అనిపిస్తుంది. కానీ ఎవరి గది వారిది, ఎవరి రిజిస్టరు వారిది. ఒకరి దగ్గరున్న వస్తువు గురించి ఇంకొకరికి తెలియకపోవచ్చు. ఒక కౌంటరులో "మా దగ్గర లేదండీ" అన్నారంటే వారి దగ్గర లేదని మాత్రమే అర్థం. పక్క గదిలో ఉండవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక ఆశ వదిలేసుకున్నవాళ్లు ఎందరో.

ముందుగా విమానాశ్రయ సంస్థ సంగతి. శంషాబాద్ విమానాశ్రయాన్ని జీఎంఆర్ సంస్థ నడుపుతుంది. గన్నవరం, రేణిగుంట, మధురపూడి వంటివి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా చేతిలో ఉన్నాయి. కుర్చీల దగ్గర, ట్రాలీ మీద, మంచినీళ్ల కుళాయి దగ్గర, మరుగుదొడ్డిలో, తినుబండారాల దుకాణం బల్ల మీద మరిచిన వస్తువులు వీరి 'లాస్ట్ అండ్ ఫౌండ్' విభాగానికి చేరతాయి. దొరికిన వస్తువు ఏది, ఎక్కడ దొరికింది, ఏ వేళకు దొరికింది అన్నది అక్కడ రాసి పెడతారు. మనం వెళ్లి గుర్తులు చెప్పి, గుర్తింపు కార్డు చూపి, సంతకం పెట్టి తీసుకోవాలి. మనం వెళ్లలేని పరిస్థితి అయితే, ఫలానావారికి ఇవ్వండని ఉత్తరం రాసి, మన గుర్తింపు కార్డు నకలు జతచేసి మరొకరిని పంపే వీలుందేమో ఫోనులో అడిగి తెలుసుకోవాలి.

రెండోది భద్రతా తనిఖీ. విమానాశ్రయం మొత్తంలో చిన్న వస్తువులు ఎక్కువగా మిగిలిపోయే చోటు ఇదే. ఎందుకంటే అక్కడ మన చేతిలో ఉన్నవన్నీ విడదీసి పెట్టమంటారు. ఫోను ఒక ట్రేలో, ల్యాప్‌టాప్ ఇంకో ట్రేలో, బెల్టూ పర్సూ మరో దానిలో. వెనక జనం తోసుకొస్తుంటారు. విమానం వేళ దగ్గరపడుతుంటుంది. మనల్ని తనిఖీ చేసేసరికి ట్రేలు ముందుకు జరిగిపోతాయి. ఆ కంగారులో బ్యాగు తీసుకుని చేతి గడియారం వదిలేసేవాళ్లు, ల్యాప్‌టాప్ మరిచి చార్జరు పట్టుకెళ్లేవాళ్లు రోజూ ఉంటారు. శంషాబాద్ సహా మన దేశంలోని చాలా విమానాశ్రయాల్లో ఈ తనిఖీ చేసేది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అంటే సీఐఎస్ఎఫ్. ట్రేలలో మిగిలినవాటిని వారు తీసి, నమోదు చేసి భద్రపరుస్తారు. ఏ విమానాశ్రయంలో ఏ వస్తువు దొరికిందో సీఐఎస్ఎఫ్ వెబ్‌సైటులో జాబితా కూడా ఉంటుంది. ఈ సంగతి తెలిసినవారు తక్కువ. ఇంటికి చేరాక గుర్తొచ్చినా ఆ జాబితా చూడవచ్చు. తర్వాత ఆ వస్తువులు విమానాశ్రయ సంస్థకు అప్పగిస్తారు. అందుకే తనిఖీ దగ్గర పోయిన వస్తువు గురించి రెండు చోట్లా అడగాలి.

ఇంకా విమానం ఎక్కకముందే గుర్తొస్తే మాత్రం మొహమాటపడకండి. గేటు దగ్గర ఉన్న సిబ్బందికి చెప్పి, తనిఖీ జరిగిన చోటికి వెనక్కి వెళ్లండి. ఏ వరుసలో నిలబడ్డారో, ఎంతసేపటి కిందటో చెబితే చాలు. మర్యాదగా, స్పష్టంగా అడిగిన మనిషికి అక్కడి జవాన్లు సాయం చేస్తారు.

మూడోది విమాన సంస్థ. దీని బాధ్యత రెండు రకాలు. విమానం లోపల మనం కూర్చున్న సీటు దగ్గర, ముందు సీటు వెనకుండే జేబులో, తల మీది అరలో మరిచిన వస్తువులు మొదటి రకం. పాస్‌పోర్టులు, కళ్లజోళ్లు, చెవికి పెట్టుకునే పరికరాలు ఎక్కువగా ఆ సీటు జేబులోనే మిగిలిపోతాయి. మనం దిగిన తర్వాత శుభ్రం చేసేవారు వస్తారు. దొరికినవాటిని ఆ సంస్థ స్థానిక కార్యాలయానికి అందిస్తారు. కానీ అదే విమానం గంటలోపే ఇంకో ఊరికి వెళ్లిపోతుంది. అందుకని విమానం దిగి ఇంకా లోపలే ఉన్నప్పుడు గుర్తొస్తే, బయటికి రాకుండా అక్కడే సంస్థ ఉద్యోగిని పట్టుకుని సీటు నంబరు చెప్పండి. వారు వైర్‌లెస్‌లో మాట్లాడి తెప్పించగలరు. బయటికి వచ్చేశాక గుర్తొస్తే ఆ సంస్థ కౌంటరుకు వెళ్లి విమానం నంబరు, తేదీ, సీటు నంబరు మూడూ చెప్పాలి. ఈ మూడూ ఉండేది బోర్డింగ్ పాస్ మీద. అందుకే విమానం దిగగానే ఆ కాగితాన్ని చించి పారేయకండి. ఇల్లు చేరి, సామాను విప్పి, అన్నీ ఉన్నాయని చూసుకున్నాక కూడా కొన్నాళ్లు దాచండి.

ఇక రెండో రకం, మనం కౌంటరులో అప్పగించిన పెద్ద బ్యాగులు. వీటి గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నష్టం పెద్దది, హక్కులూ పెద్దవే.

మీరు బ్యాగు అప్పగించగానే దాని పిడికి ఒక పొడవాటి కాగితపు పట్టీ చుడతారు. దాని తాలూకు చిన్న ముక్క మీ చేతికిస్తారు, లేదా బోర్డింగ్ పాస్ వెనక అంటిస్తారు. చాలామంది దాన్ని చూడనైనా చూడరు. ఆ ముక్క మీద పది అంకెలుంటాయి. వాటిలో మొదటి అంకె తర్వాత వచ్చే మూడు అంకెలు విమాన సంస్థవి. ఎయిర్ ఇండియాకు 098, ఎమిరేట్స్‌కు 176. చివరి ఆరు అంకెలు మీ బ్యాగువి. ప్రపంచంలో ఏ విమానాశ్రయంలో ఉన్నా ఆ బ్యాగును గుర్తించేది ఆ అంకెలతోనే. ముక్క ఇవ్వగానే ఇంకో పని కూడా చేయండి. పట్టీ మీద రాసిన ఊరి గుర్తు మీరు దిగే ఊరిదేనా అని చూడండి. శంషాబాద్‌కు హెచ్, వై, డి. గన్నవరానికి వి, జి, ఏ. తిరుపతికి టి, ఐ, ఆర్. మీకు చదవడం రాకపోతే కౌంటరులో అడగండి: "అమ్మా, ఈ బ్యాగు ఏ ఊరి దాకా వెళ్తుంది? నేను మధ్యలో ఎక్కడైనా తీసుకోవాలా?" ఈ రెండు ప్రశ్నలూ అడిగి జవాబు విన్నాకే అక్కణ్ణుంచి కదలండి.

బ్యాగులు ఎక్కువగా తప్పిపోయేది విమానం మారే చోట. మొదటి విమానం ఆలస్యమవుతుంది. మనం పరుగున వెళ్లి రెండోది అందుకుంటాం. బ్యాగు అందుకోలేదు. విమానయాన సంస్థలకు సమాచార వ్యవస్థలు అందించే సీటా అనే సంస్థ ఏటా ఈ లెక్కలు ప్రకటిస్తుంది. 2007లో ప్రతి వెయ్యిమంది ప్రయాణికులకు దాదాపు 19 బ్యాగులు ఆలస్యమవడమో, దెబ్బతినడమో, పోవడమో జరిగేది. 2024 నాటికి అది వెయ్యికి 6.3కు తగ్గింది. 2018 జూన్ నుంచి అంతర్జాతీయ విమాన రవాణా సంఘం పెట్టిన నియమం ప్రకారం బ్యాగును నాలుగు చోట్ల నమోదు చేయాలి: మన చేతి నుంచి తీసుకున్నప్పుడు, విమానంలోకి ఎక్కించినప్పుడు, ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మార్చినప్పుడు, తిరిగి మనకు ఇచ్చినప్పుడు. కాబట్టి బెల్టు మీద కనబడని బ్యాగు చాలావరకు ఇంకో ఊళ్లో ఆగి ఉంటుంది. తర్వాతి విమానంలో, త్వరగా పంపాలన్న గుర్తు పట్టీ కట్టి, పంపిస్తారు. ఆలస్యమైన బ్యాగుల్లో అత్యధికం కొద్ది రోజుల్లోనే యజమానిని చేరతాయి.

అయితే అలా చేరాలంటే మనం చేయాల్సిన పని ఒకటుంది. అది చేయకుండా బయటికి రాకూడదు. బెల్టు ఆగిపోయి మీ బ్యాగు రాలేదంటే, ఆ హాల్లోనే ఉన్న విమాన సంస్థ సామాను కౌంటరుకు వెళ్లి పీఐఆర్ రాయించండి. పూర్తి పేరు ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు. సామాను రాలేదని, లేదా విరిగి వచ్చిందని సంస్థ మీకు రాసిచ్చే కాగితం అది. దానికో నంబరు ఉంటుంది. ముందు విమానాశ్రయం గుర్తు మూడు అక్షరాలు, తర్వాత విమాన సంస్థ గుర్తు రెండు అక్షరాలు, ఆపైన ఐదు అంకెలు. వరల్డ్ ట్రేసర్ అనే ఉమ్మడి వ్యవస్థలో ఆ నంబరుతో మీ బ్యాగు కోసం వెతుకులాట మొదలవుతుంది. ఇంటి దగ్గర పిల్లలెవరైనా ఆ నంబరూ మీ ఇంటిపేరూ కొట్టి, ఎంతవరకు వచ్చిందో ఫోనులోనే చూడవచ్చు. "రేపు ఫోన్ చేయండి, చూద్దాం" అని నోటిమాటగా చెబితే సరిపోదు. "అయ్యా, పీఐఆర్ రాసివ్వండి, నంబరు కావాలి" అని అడగండి. అది మీరు వేడుకోవలసిన సాయం కాదు. ఆ కాగితం మీకు ఇవ్వాలి.

ఆ కౌంటరులో బ్యాగు ఎలా ఉంటుందని అడుగుతారు. ఇక్కడ చాలామంది, "నల్ల బ్యాగండీ, పెద్దది" అని ఊరుకుంటారు. నల్లటి పెద్ద బ్యాగులు ప్రతి విమానంలోనూ పదుల కొద్దీ ఉంటాయి. దానికి బదులు ఇలా చెప్పి చూడండి: "నల్ల రంగు, గుడ్డ బ్యాగు, నిలబెట్టి లాగేది, నాలుగు చక్రాలు. పిడికి పసుపు గుడ్డ కట్టి ఉంది. ఒక మూల కుట్టు ఊడితే ఎర్ర దారంతో కుట్టాం. లోపల పైనే నీలం శాలువ, దాని కింద స్టీలు డబ్బాలో ఆవకాయ, పిల్లవాడి బొమ్మల పెట్టె." ఇలా చెప్పిన బ్యాగును వెతికేవాడు సులువుగా పోలుస్తాడు. పట్టీ ఊడిపోయిన బ్యాగులను తెరిచి, లోపల ఉన్నవాటితోనే యజమానిని గుర్తుపడతారు. కాబట్టి లోపలి వస్తువుల జాబితా చాలా ముఖ్యం. భాష రాదని భయపడకండి. బ్యాగు రకాలూ రంగులూ బొమ్మలుగా అచ్చువేసిన ఒక చార్టు ఈ కౌంటర్ల దగ్గర ఉంటుంది. అంతర్జాతీయంగా అందరూ వాడేది అదే. దాని మీద వేలు పెట్టి చూపించినా చాలు. చిరునామా ఇచ్చేటప్పుడు ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడు, ఇంట్లో ఎత్తే ఫోను నంబరు ఇవ్వండి. బ్యాగు ఇంటికి పంపుతారా, మీరే రావాలా అన్నది అప్పుడే అడగండి. విదేశం నుంచి వచ్చే బ్యాగయితే కస్టమ్స్ తనిఖీ ఉంటుంది. తాళం వేసి ఉంటే దాని సంగతి ఏం చేయాలో కూడా అక్కడే తేల్చుకోండి.

ఒక్కోసారి బ్యాగు ఆగిపోవడం కాదు, అచ్చం అలాంటి బ్యాగున్న తోటి ప్రయాణికుడు పొరపాటున పట్టుకెళ్తాడు. బెల్టు మీద చివరికి మీ బ్యాగు లాంటిదే ఇంకొకటి తిరుగుతూ ఉంటే అది గుర్తు. దాన్ని మీరు తీసుకోకండి, తెరవకండి. కౌంటరులో చెప్పండి. దాని పట్టీ అంకెలను బట్టి ఆ ప్రయాణికుణ్ణి సంస్థ పిలిపించగలదు.

ఇక డబ్బు సంగతి. అంతర్జాతీయ ప్రయాణాలకు మాంట్రియల్ ఒప్పందం అనేది ఒకటుంది. 1999లో కుదిరింది. మన దేశం 2009లో అందులో చేరింది. అమెరికాకూ గల్ఫ్ దేశాలకూ వెళ్లే మనవాళ్ల ప్రయాణాలకు వర్తించేది అదే. దాని ప్రకారం బ్యాగు రావలసిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే అది పోయినట్టే లెక్క. అప్పుడు పరిహారం అడగవచ్చు. బ్యాగు విరిగో చిరిగో వస్తే, చేతికందిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆలస్యంగా వస్తే, వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపు ఇవ్వాలి. కోర్టుకు వెళ్లాలంటే రెండేళ్ల గడువు. పరిహారానికి గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అనేది అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కకట్టే విలువ. మారకాన్ని బట్టి మారుతుంది గానీ, మన డబ్బులో లక్షన్నర రూపాయలకు పైమాటే. మన దేశం లోపల తిరిగే విమానాలకయితే పరిమితి 20,000 రూపాయలు. ఇవన్నీ గరిష్ఠాలు. ప్రతివారికీ అంత వస్తుందని కాదు. మీ నష్టం ఎంతో మీరు చూపించాలి. బ్యాగు ఆలస్యమై, కట్టుకోవడానికి బట్టలూ మందులూ కొనుక్కోవలసి వస్తే ఆ రసీదులన్నీ దాచండి. అవి లేకపోతే అడగడం కష్టం. బ్యాగులో ఎక్కువ విలువైనవి పెట్టక తప్పదనుకుంటే, అప్పగించేటప్పుడే విలువ ప్రకటించి, అదనపు రుసుము చెల్లించే ఏర్పాటు కూడా ఆ ఒప్పందంలో ఉంది.

ఇక్కడ గల్ఫ్ కార్మికుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రెండేళ్లకో మూడేళ్లకో ఇంటికి వచ్చే మనిషి బ్యాగులో ఉండేవి ఉత్త వస్తువులు కావు. భార్యకు కొన్న చీర, తల్లికి దుప్పటి, బిడ్డకు బొమ్మ, ఓవర్‌టైమ్ చేసి మిగిల్చుకున్న డబ్బుతో కొన్న ఫోను. ఆ బ్యాగు రాకపోతే ఆ మనిషి పడే బాధ మాటల్లో చెప్పేది కాదు. రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారుజామున దిగిన అతనికి ఊరి నుంచి వచ్చిన బండి బయట ఎదురుచూస్తుంటుంది. ఊళ్లో పెళ్లో, చావో ఉంటుంది. కౌంటరు దగ్గర వరుస పెద్దదిగా ఉంటుంది. "తర్వాత చూసుకుందాం" అని వెళ్లిపోతాడు. ఆ ఒక్క గంట నిలబడకపోవడం వల్ల తన హక్కును తానే బలహీనం చేసుకుంటాడు. మీ ఇంటి నుంచి ఎవరైనా గల్ఫ్‌లో ఉంటే, ఈ మాట ఈ రోజే ఫోనులో చెప్పండి: బ్యాగు రాకపోతే పీఐఆర్ నంబరు లేకుండా బయటికి రావద్దని.

అమెరికా వెళ్లే పెద్దలకు ఇంకో మాట. దుబాయ్‌లోనో, దోహాలోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో విమానం మారితే సాధారణంగా బ్యాగు దానంతటది వెళ్తుంది. కానీ అమెరికాలో మొదట దిగిన ఊళ్లో, అక్కణ్ణుంచి ఇంకో విమానం ఎక్కవలసి ఉన్నా సరే, మామూలుగా బ్యాగులు మీరే బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అక్కడి సిబ్బందికి అప్పగించాలి. "హైదరాబాద్‌లోనే ఆఖరి ఊరి దాకా వేసేశారు కదా" అని వదిలేసి వెళ్తే బ్యాగు అక్కడే ఉండిపోతుంది. తిరుగు ప్రయాణంలోనూ ఢిల్లీలోనో ముంబైలోనో దిగి హైదరాబాద్ విమానం ఎక్కేటప్పుడు ఇదే ప్రశ్న వస్తుంది. మొదట దిగిన చోట తీసుకోవాలా వద్దా అని బయలుదేరే చోటే అడిగి, కాగితం మీద రాయించుకోండి. పిల్లలారా, అమ్మానాన్నలకు మీరు పంపే టికెట్టుతోపాటు ఈ వివరం తెలుగులో రాసిన ఒక కాగితం కూడా పంపండి. దారిలో ఎవరికి చూపించినా సాయం దొరికేలా దాని మీదే ఇంగ్లీషులోనూ రాయండి.

పాస్‌పోర్టు పోతే ఏం చేయాలి? విమానాశ్రయంలోనే ఉంటే ముందు పైన చెప్పిన మూడు చోట్లా, ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్ అధికారుల దగ్గరా అడగండి. దొరకకపోతే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి దాని నకలు తీసుకోండి. స్వదేశంలోనైతే ఆ నకలుతో పాస్‌పోర్టు కార్యాలయంలో కొత్తదానికి దరఖాస్తు చేయాలి. విదేశంలోనైతే భారత రాయబార కార్యాలయానికో కాన్సులేట్‌కో వెళ్లాలి. వెంటనే ఇల్లు చేరవలసి ఉంటే ఇండియాకు రావడానికి మాత్రమే పనికొచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా పేజీల ఫొటోలు ఇంట్లోవారి ఫోనులోనూ ఉంటే ఈ పనులన్నీ తొందరగా జరుగుతాయి.

ఫోను పోతే ముందు ఇంకొకరి ఫోను నుంచి దానికి కాల్ చేయండి. దొరికిన ఉద్యోగి ఎత్తవచ్చు. దొరకలేదని తేలితే సిమ్ ఆపించండి, బ్యాంకు యాప్‌ల సంగతి బ్యాంకుకు చెప్పండి, పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. ఆ ఫిర్యాదుతో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ ఫోను దేశంలో ఏ నెట్‌వర్కులోనూ పనిచేయకుండా ఆపించవచ్చు. ఆ తర్వాత ఎవరైనా వాడబోతే పోలీసులకు ఆచూకీ తెలుస్తుంది. దానికి ఫోను ఐఎంఈఐ నంబరు కావాలి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే కనబడుతుంది. ఈ రోజే నొక్కి, ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.

వస్తువు కోసం ఎన్నాళ్లలోపు అడగాలన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. ఎవరూ శాశ్వతంగా దాచరు. అమెరికాలో భద్రతా తనిఖీ చేసే టీఎస్ఏ తన దగ్గర మిగిలిన వస్తువులను కనీసం 30 రోజులు ఉంచుతుంది. ఆ తర్వాత ల్యాప్‌టాప్ వంటివాటిలోని మెమొరీని తీసి నాశనం చేస్తారు. అంటే మనం దాచుకున్న ఫొటోలూ, చదువు తాలూకు కాగితాలూ ఇక రావు. ట్రేలలో మిగిలిన చిల్లర డబ్బు ఎవరూ అడగకపోతే ఆ సంస్థే భద్రతా పనులకు వాడుకుంటుంది. ఏటా అది లక్షల డాలర్లలో ఉంటుంది. అలబామా రాష్ట్రంలో స్కాట్స్‌బరో అనే చిన్న ఊళ్లో, యజమానులు దొరకని బ్యాగుల్లోని వస్తువులు అమ్మే పెద్ద దుకాణమే ఉంది. 1970లో డోయల్ ఓవెన్స్ అనే ఆయన మొదలుపెట్టారు. విమాన సంస్థలు సుమారు మూడు నెలలు వెతికి, పరిహారం చెల్లించాక మిగిలిన బ్యాగులను ఆ దుకాణానికి అమ్ముతాయి. ఎవరిదో పెళ్లి బట్ట, ఎవరిదో కెమెరా, ఎవరిదో పుస్తకం అక్కడ ధర చీటీతో నిలబడి ఉంటాయి. అడిగేవారు వేళకు అడగనందువల్లా, బ్యాగులో పేరూ ఊరూ లేనందువల్లా కొన్ని వస్తువులు అలాంటి చోట తేలతాయి.

అందుకే బయలుదేరేముందు ఓ పావుగంట కేటాయించండి. బ్యాగు మూసేముందు లోపలి సామానుకూ, మూశాక బ్యాగుకూ ఫొటోలు తీయండి. పేరు, రెండు ఫోను నంబర్లు, వెళ్లే ఊరి చిరునామా రాసిన కాగితం బయటే కాదు, లోపల కూడా బట్టల పైన పెట్టండి. పాత ప్రయాణాల పట్టీలు తీసేయండి, యంత్రాలు వాటిని చదివి దారి తప్పించవచ్చు. బంగారం, డబ్బు, రోజూ వేసుకునే మందులు, చదువు సర్టిఫికెట్లు చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద బ్యాగులో పెట్టిన బంగారానికీ నగదుకూ తమ బాధ్యత లేదని చాలా విమాన సంస్థల షరతుల్లోనే ఉంటుంది. ఎయిర్‌ట్యాగ్ వంటి చిన్న పరికరం బ్యాగులో వేసుకుంటే అది ఏ ఊళ్లో ఉందో మీ ఫోనులో కనబడుతుంది. 2024 చివరి నుంచి ఆ ఆచూకీని విమాన సంస్థతో పంచుకునే ఏర్పాటు కూడా వచ్చింది. భద్రతా తనిఖీకి ముందే గడియారం, పర్సు, తాళాలు, చిల్లర అన్నీ చేతి సంచిలో వేసేస్తే, ట్రేలో విడిగా మిగిలేది ఫోనూ ల్యాప్‌టాప్ మాత్రమే.

ఇన్ని చేసినా సంస్థ స్పందించకపోతే మెట్లు ఉన్నాయి. ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయండి. పీఐఆర్ నకలు, పట్టీ ముక్క, బోర్డింగ్ పాస్, రసీదుల ఫొటోలు జతచేయండి. జవాబు రాకపోతే పౌర విమానయాన శాఖ 2016లో తెచ్చిన ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. విమానాశ్రయం మీద ఫిర్యాదు కూడా అందులోనే చేయవచ్చు. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చివరిగా మీ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. విమాన సంస్థ ఢిల్లీలో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా కరీంనగర్ మనిషి కరీంనగర్‌లోనే అడగవచ్చు. ఈ మెట్లన్నింటికీ ఆధారం మొదటి రోజు రాయించుకున్న ఆ కాగితమే.

ఇంతవరకు పోగొట్టుకున్నవారి గురించి మాట్లాడాను. దొరికినవారికీ, పక్కన ఉన్నవారికీ ఒక పని ఉంది. విమానాశ్రయంలో ఎవరిదో సంచి ఒంటరిగా కనబడితే ముట్టుకోకండి, దగ్గరలోని భద్రతా సిబ్బందికి చెప్పండి. మీ ఎదుటే ఒకరు పర్సో పాస్‌పోర్టో జారవిడిచి వెళ్తుంటే మాత్రం పిలిచి చెప్పండి. సామాను కౌంటరు దగ్గర ఇంగ్లీషు రాక, ఏం రాయాలో తెలియక ఒక తల్లో, ఒక కూలి మనిషో నిలబడి ఉంటే పది నిమిషాలు ఆగి ఫారం నింపిపెట్టండి. వారికి ఆ పది నిమిషాల విలువ చాలా పెద్దది.

మన విమానాశ్రయాలను నడిపేవారికీ, విమాన సంస్థలకూ ఈ వేదిక నుంచి ఒక విన్నపం. హైదరాబాద్, విజయవాడ, తిరుపతి, రాజమండ్రిలలో దిగేవారిలో చాలామంది తెలుగు తప్ప మరో భాష చదవలేనివారు. సామాను కౌంటరులో ఆ ఫారం తెలుగులో ఉండాలి. ఏడు రోజులు, 21 రోజులు అన్న గడువులు బెల్టు పక్కనే గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. పోయిన వస్తువు గురించి ఒకచోట చెబితే మిగతా రెండు చోట్లకూ కబురు వెళ్లాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. కష్టపడి సంపాదించిన వస్తువును మనిషి తిరిగి అడగగలగాలంటే, ఎవరిని అడగాలో అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. అది జరిగేదాకా, తెలిసినవాళ్లం తెలియనివాళ్లకు చెబుతూ ఉందాం.